మిన్నెసోటా విశ్వవిద్యాలయ పురుషుల ఐస్ హాకీ జట్టు

మిన్నెసోటా గోల్డెన్ గోఫర్స్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన పురుషుల ఐస్ హాకీ జట్టు. ఈ విశ్వవిద్యాలయం మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాలలో ఉన్నది. జట్టు జాతీయ కళాశాల క్రీడా సంఘమైన ఎన్.సి.ఏ.ఏ. నిర్వహించే పోటీలలో 1974, 1976, 1979, 2002, 2003 సంవత్సరాలలో మొత్తం ఐదు పర్యాయాలు విజేతగా నిలిచినది. 1980 శీతాకాల ఒలింపిక్ క్రీడలలో సోవియట్ యూనియన్‌ను ఓడించి బంగారు పతకం గెలుచుకున్న అమెరికా జట్టులోని 20 మంది ఆటగాళ్ళలో 9 మంది ఈ విశ్వవిద్యాలయం వారే. బయటి నుండి ఆటగాళ్ళను తెచ్చుకొనక, సొంత రాష్ట్రపు యువకులతోనే గెలవవలెనన్న పట్టుదల ఈ జట్టు చరిత్రలో దీర్ఘకాలం కనిపిస్తుంది.

పేరు, ఆట

గోఫర్ అనునది నేలలో బొరియలు చేసుకొని నివసించే, ఉడుతను పోలిన ఒక చిన్న జంతువు. మిన్నెసోటాకు "గోఫర్ రాష్ట్రం" అనే వ్యవహార నామం ఉన్నది. విశ్వవిద్యాలయపు జట్లన్నిటికీ ఈ పేరే వాడుకలో ఉన్నది. ముదురు ఎరుపు, బంగారు రంగులు జట్టు చిహ్నాలు.

భారతదేశంలో హాకీ అనగానే మైదానంలో ఆడే ఆటయే స్ఫురిస్తుంది. అమెరికా, కెనడాలలో మాత్రం హాకీ అంటే మంచుగడ్డపై ఆడే ఆట. ఇందులో ఒక్కొక్క జట్టు నుండి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు ఏకకాలంలో బరిలో ఉంటారు. కాళ్ళకు స్కేట్లు ధరించి, బంతికి బదులు గట్టి రబ్బరుతో చేసిన పక్ అనే బిళ్ళను కర్రలతో కొడతారు. ఆట 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. స్కోరు సమమైనచో అదనపు సమయం ఇస్తారు. జాతీయ పోటీలలో అదనపు సమయంలో మొదటి గోలు చేసిన జట్టే విజేత.

తొలి దశ

విశ్వవిద్యాలయపు అధికారిక జట్టు 1921-22 లో ప్రారంభమైనది. చలికాలంలో సరస్సులు గడ్డకట్టే ఈ రాష్ట్రంలో ఐస్ హాకీకి అంతకు ముందే ఆదరణ ఉన్నది. లారీ ఆర్మ్‌స్ట్రాంగ్ శిక్షణలో 1939-40 జట్టు ఆడిన 18 ఆటలనూ గెలిచి, ఔత్సాహిక క్రీడా సంఘం వారి జాతీయ పోటీలో విజేత అయినది. ఆనాటికి ఎన్.సి.ఏ.ఏ. ఐస్ హాకీ పోటీ ఇంకా మొదలు కాలేదు. ఆ పోటీ 1948లో కొలరాడో స్ప్రింగ్స్‌లో నాలుగు జట్లతో ఆరంభమైనది. 1940 నాటి ఆటగాళ్ళలో జాన్ మరియూచీ ఒకడు. తరువాతి కాలంలో జట్టు స్వరూపాన్ని తీర్చిదిద్దినది ఇతడే.

మరియూచీ కాలం

జాన్ మరియూచీ మిన్నెసోటా ఉత్తర భాగంలోని ఈవ్లెత్ పట్టణానికి చెందినవాడు. ఈ ప్రాంతాన్ని ఇనుప ఖనిజపు గనుల కారణంగా ఐరన్ రేంజ్ అంటారు. యూరప్ నుండి గని పనికి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు ఇక్కడ ఐస్ హాకీని సొంతం చేసుకున్నారు. మరియూచీ 1940లలో చికాగో బ్లాక్ హాక్స్ తరఫున వృత్తి ఆటగాడిగా ఆడాడు. ఆ రోజులలో జాతీయ హాకీ లీగ్ ఆటగాళ్ళందరూ దాదాపుగా కెనడా వారే. అమెరికాలో పుట్టి అక్కడ స్థానం సంపాదించిన కొద్దిమందిలో ఇతడు ఒకడు.

1952లో ఇతడు విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడయ్యాడు. మొదటి సంవత్సరంలోనే, అనగా 1953లో, జట్టు జాతీయ పోటీ అంతిమ ఆటకు చేరి మిషిగన్ చేతిలో 7-3 తేడాతో ఓడినది. మరుసటి సంవత్సరం అంతిమ ఆటలో రెన్సెలీర్ జట్టు అదనపు సమయంలో 5-4 తో గెలిచినది. ఈ రెండు సంవత్సరాలలోనూ జట్టుకు మూలస్తంభం జాన్ మేయసిచ్. ఇతడు కూడా ఈవ్లెత్ వాడే. ఇతడు ఉన్నత పాఠశాలలో చదివిన కాలంలో ఈవ్లెత్ జట్టు 1948 నుండి 1951 వరకు వరుసగా నాలుగు సార్లు రాష్ట్ర విజేత అయినది. విశ్వవిద్యాలయం తరఫున 111 ఆటలలో 144 గోళ్ళు, 154 సహాయాలతో 298 పాయింట్లు సాధించాడు. ఇతడు ధరించిన 8వ నంబరును 1998లో గౌరవసూచకంగా విరమించారు.

1956 ఒలింపిక్ క్రీడలలో అమెరికా జట్టుకు మరియూచీ శిక్షకుడిగా వ్యవహరించాడు. ఆ జట్టు వెండి పతకం గెలిచినది. ఈ కారణంగా 1955-56 సంవత్సరంలో విశ్వవిద్యాలయ జట్టుకు దూరంగా ఉండి, తిరిగి వచ్చి 1966 వరకు కొనసాగాడు.

కెనడా ఆటగాళ్ళ వివాదం

1950లలో పశ్చిమ ప్రాంతపు కళాశాల జట్లు కెనడా నుండి ఆటగాళ్ళను విరివిగా చేర్చుకొనసాగాయి. వీరిలో పలువురు అక్కడి జూనియర్ లీగులలో కొన్ని సంవత్సరాలు ఆడి, రాటుదేలి, ఇరవై సంవత్సరాలు దాటిన తరువాత కళాశాలలో ప్రవేశించినవారు. వీరికి ఎదురు నిలువవలసినవారు పాఠశాల ముగించి నేరుగా వచ్చిన 18, 19 సంవత్సరాల యువకులు. ఇది సరియైన పోటీ కాదని, అమెరికా విద్యార్థుల అవకాశాలను ఇది హరిస్తున్నదని మరియూచీ వాదించాడు. కెనడా ఆటగాళ్ళపై ఎక్కువగా ఆధారపడిన డెన్వర్ విశ్వవిద్యాలయంతో ఆడటానికి దీర్ఘకాలం నిరాకరించాడు.

వివాదం ముదిరి 1958లో మిన్నెసోటాతో సహా కొన్ని విశ్వవిద్యాలయాలు లీగు నుండి వైదొలగగా లీగు రద్దయినది. ఆ సంవత్సరం జాతీయ పోటీ మిన్నియాపోలిస్‌లోని విలియమ్స్ అరీనాలోనే జరిగినది. అక్కడ అంతిమ ఆటలో నార్త్ డకోటాను 6-2 తో ఓడించి విజేతగా నిలిచినది డెన్వర్ జట్టే. 1959లో ఆ విశ్వవిద్యాలయాలు తిరిగి కలిసి పశ్చిమ కళాశాల హాకీ సంఘంగా ఏర్పడ్డాయి.

మరియూచీ అభ్యంతరం కెనడా దేశస్థులందరిపైనా కాదు. కెనడాలో పుట్టిన లూ నానీ 1960ల ఆరంభంలో ఇతని శిక్షణలోనే ఆడి జట్టు నాయకుడైనాడు. నానీ తరువాత అమెరికా పౌరసత్వం పొంది 1968 ఒలింపిక్ క్రీడలలో అమెరికా జట్టుకు నాయకత్వం వహించాడు. వయసు మీరి, అనుభవం గడించినవారిని తెచ్చి స్థానిక విద్యార్థుల స్థానాలను నింపడమే మరియూచీ వ్యతిరేకించిన విషయం.

హెర్బ్ బ్రూక్స్, మూడు విజయాలు

మరియూచీ తరువాత 1966లో గ్లెన్ సన్మోర్ శిక్షకుడయ్యాడు. 1971లో జట్టు అంతిమ ఆటకు చేరి బోస్టన్ విశ్వవిద్యాలయం చేతిలో 4-2 తో ఓడినది. ఆ వెంటనే జట్టు పరిస్థితి దిగజారి 1971-72 లో లీగు పట్టికలో అట్టడుగున నిలిచినది. ఈ స్థితిలో 1972లో హెర్బ్ బ్రూక్స్ బాధ్యతలు చేపట్టాడు.

బ్రూక్స్ సెయింట్ పాల్ నగరవాసి. 1950లలో మరియూచీ శిక్షణలో ఆడాడు. 1960 ఒలింపిక్ జట్టు నుండి చివరి క్షణంలో ఇతనిని తొలగించారు. ఆ జట్టు బంగారు పతకం గెలిచినది. శిక్షకుడిగా బ్రూక్స్ శారీరక దారుఢ్యానికి, వేగానికి, క్రమశిక్షణకు ప్రాధాన్యమిచ్చాడు. దాదాపు పూర్తిగా మిన్నెసోటా యువకులతో కూడిన జట్టుతో రెండవ సంవత్సరంలోనే, 1974లో, మిషిగన్ టెక్‌ను 4-2 తో ఓడించి విశ్వవిద్యాలయానికి మొదటి ఎన్.సి.ఏ.ఏ. విజయాన్ని సాధించిపెట్టాడు. 1975లో అదే మిషిగన్ టెక్ అంతిమ ఆటలో 6-1 తో బదులు తీర్చుకున్నది. 1976లో ఇవే రెండు జట్లు వరుసగా మూడవసారి తలపడగా మిన్నెసోటా 6-4 తో గెలిచినది.

1979లో డెట్రాయిట్‌లో జరిగిన అంతిమ ఆటలో పొరుగు రాష్ట్రపు ప్రత్యర్థి నార్త్ డకోటాను 4-3 తో ఓడించి జట్టు మూడవసారి విజేత అయినది. గెలుపు గోలు చేసినవాడు రోసో పట్టణానికి చెందిన మొదటి సంవత్సరపు విద్యార్థి నీల్ బ్రోటెన్.

1980 ఒలింపిక్ క్రీడలు

బ్రూక్స్ 1980 ఒలింపిక్ జట్టుకు శిక్షకుడిగా నియమితుడై విశ్వవిద్యాలయాన్ని వీడాడు. అతడు ఎంపిక చేసిన 20 మందిలో 12 మంది మిన్నెసోటా రాష్ట్రం వారు. వారిలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడినవారు తొమ్మిదిమంది: బిల్ బేకర్, నీల్ బ్రోటెన్, స్టీవ్ క్రిస్టాఫ్, స్టీవ్ జానాస్జాక్, రాబ్ మెక్లనహన్, మైక్ రామ్సీ, బజ్ ష్నైడర్, ఎరిక్ స్ట్రోబెల్, ఫిల్ వర్కోటా.

1980 ఫిబ్రవరి 22న లేక్ ప్లాసిడ్‌లో ఈ విద్యార్థుల జట్టు సోవియట్ యూనియన్‌ను 4-3 తో ఓడించినది. సోవియట్ జట్టు అంతకు ముందు జరిగిన వరుస నాలుగు ఒలింపిక్ క్రీడలలో విజేత. రెండు రోజుల తరువాత ఫిన్లాండ్‌ను 4-2 తో ఓడించడంతో బంగారు పతకం ఖాయమైనది. పోటీల మొదటి ఆటలో స్వీడన్‌పై 27 సెకన్లు మాత్రమే మిగిలి ఉండగా గోలు చేసి ఓటమిని తప్పించినవాడు బిల్ బేకర్. 1979 కళాశాల పోటీలో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన గోల్‌కీపర్ జానాస్జాక్‌కు మాత్రం ఒలింపిక్ క్రీడలలో ఒక్క నిమిషమైనా ఆడే అవకాశం రాలేదు.

బ్రూక్స్ 2003 ఆగస్టు 11న రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఈ ఒలింపిక్ విజయం ఇతివృత్తంగా "మిరాకిల్" అనే చలనచిత్రం 2004లో విడుదలైనది.

ఇరవైమూడు సంవత్సరాల నిరీక్షణ

బ్రూక్స్ తరువాత బ్రాడ్ బ్యూటో శిక్షణలో 1981లో జట్టు అంతిమ ఆటకు చేరి విస్కాన్సిన్ చేతిలో 6-3 తో ఓడినది. 1985 నుండి 1999 వరకు డగ్ వూగ్ శిక్షకుడిగా ఉన్నాడు. ఇతడు కూడా మరియూచీ శిష్యుడే. మిన్నెసోటా యువకులను మాత్రమే తీసుకొనవలెనన్న నియమాన్ని ఇతడు కట్టుదిట్టంగా పాటించాడు. జట్టు దాదాపు ఏటేటా జాతీయ పోటీలకు అర్హత పొందుతూ వచ్చినా విజయం మాత్రం అందలేదు. 1989లో సెయింట్ పాల్‌లో, సొంత అభిమానుల ఎదుట జరిగిన అంతిమ ఆటలో మిన్నెసోటా కొట్టిన పక్ అదనపు సమయంలో గోలు స్తంభానికి తగిలి వెనుకకు వచ్చినది. కొద్దిసేపటికి హార్వర్డ్ గోలు చేసి 4-3 తో గెలిచినది. బయటివారిని తీసుకొననంత కాలం జట్టు గెలువలేదన్న విమర్శ ఈ కాలంలో బలపడినది.

2002, 2003 విజయాలు

1999లో డాన్ లూసియా శిక్షకుడయ్యాడు. ఇతడు నియమాన్ని సడలించి, పొరుగున ఉన్న నార్త్ డకోటా రాష్ట్రపు గ్రాండ్ ఫోర్క్స్ నుండి గ్రాంట్ పోటుల్నీని చేర్చుకున్నాడు. 2002 అంతిమ ఆట మళ్ళీ సెయింట్ పాల్‌లోనే జరిగినది. మెయిన్ విశ్వవిద్యాలయం 3-2 ఆధిక్యంలో ఉండగా, 53 సెకన్లు మిగిలి ఉన్న సమయంలో మాట్ కొయాల్స్కా స్కోరు సమం చేసాడు. అదనపు సమయంలో గెలుపు గోలు చేసినవాడు పోటుల్నీ. ఆనాటి జట్టులో మిన్నెసోటా వాడు కాని ఆటగాడు ఇతడొక్కడే.

2003లో ఆస్ట్రియా దేశస్థుడైన థామస్ వానెక్ మొదటి సంవత్సరంలోనే జట్టుకు ప్రధాన ఆటగాడైనాడు. సెమీఫైనల్‌లో మిషిగన్‌పై అదనపు సమయంలో గెలుపు గోలు ఇతనిదే. అంతిమ ఆటలో న్యూ హాంప్‌షైర్‌ను 5-1 తో ఓడించి జట్టు వరుసగా రెండవసారి విజేత అయినది. 1971, 1972లలో బోస్టన్ విశ్వవిద్యాలయం తరువాత వరుసగా రెండు సార్లు గెలిచిన మొదటి జట్టు ఇదే.

ఇటీవలి చరిత్ర

2006లో తమ ప్రాంతంలో ప్రథమ స్థానం పొందిన మిన్నెసోటా మొదటి ఆటలోనే హోలీ క్రాస్ అనే చిన్న కళాశాల చేతిలో అదనపు సమయంలో 4-3 తో ఓడినది. కళాశాల హాకీలో అనూహ్య ఫలితాలకు దీనిని నేటికీ ఉదాహరణగా చెబుతారు. 2013లో జట్టు పాత లీగును వీడి కొత్తగా ఏర్పడిన బిగ్ టెన్ హాకీ లీగులో చేరినది. 2014 అంతిమ ఆటలో యూనియన్ కళాశాల చేతిలో 7-4 తో ఓడినది. 2018లో బాబ్ మోట్జ్‌కో శిక్షకుడయ్యాడు. 2023 అంతిమ ఆటలో 2-0 ఆధిక్యం సాధించిన తరువాత క్విన్నిపియాక్ స్కోరు సమం చేసి, అదనపు సమయం మొదలైన 10 సెకన్లకే 3-2 తో గెలిచినది. 2003 తరువాత 2025 వరకు జట్టు మరల జాతీయ విజేత కాలేదు.

క్రీడా ప్రాంగణం

1993లో నిర్మించిన ప్రాంగణానికి మరియూచీ పేరు పెట్టారు. ఇందులో సుమారు 10,000 మంది కూర్చుని చూడవచ్చును. 2017లో దీని పేరు 3ఎమ్ అరీనా ఎట్ మరియూచీగా మారినది. మొదట 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుతో ఒలింపిక్ కొలతలలో ఉన్న ఆట స్థలాన్ని 2022లో వెడల్పు తగ్గించి పునర్నిర్మించారు.

హోబీ బేకర్ పురస్కారం

కళాశాల హాకీలో ప్రతి సంవత్సరం ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ఈ పురస్కారాన్ని మిన్నెసోటా ఆటగాళ్ళు నలుగురు పొందారు.

* నీల్ బ్రోటెన్ (1981) - పురస్కారం పొందిన మొట్టమొదటి ఆటగాడు
* రాబ్ స్టాబర్ (1988) - పురస్కారం పొందిన మొదటి గోల్‌కీపర్
* బ్రయాన్ బోనిన్ (1996)
* జోర్డన్ లియోపోల్డ్ (2002)

ప్రాముఖ్యత

మరియూచీ శిక్షకుడైన నాటికి వృత్తి హాకీలో అమెరికా వారు అరుదు. స్థానిక పాఠశాలల యువకులకు విశ్వవిద్యాలయంలో స్థానం దొరుకుతుందన్న నమ్మకం రాష్ట్రమంతటా పాఠశాల హాకీకి ఊపునిచ్చినది. అక్కడ తయారైన ఆటగాళ్ళే 1980లో ఒలింపిక్ జట్టుకు ఆధారమైనారు. మరియూచీ 1985లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొంది, 1987లో మరణించాడు.

ఇతడు లేవనెత్తిన ప్రశ్న మరొక రూపంలో తిరిగి వచ్చినది. కెనడాలోని ప్రధాన జూనియర్ లీగులలో ఆడినవారిని వృత్తి ఆటగాళ్ళుగా పరిగణించి ఎన్.సి.ఏ.ఏ. దీర్ఘకాలం అనర్హులుగా ఉంచినది. 2024 నవంబరులో ఈ నిషేధాన్ని తొలగించాలని నిర్ణయించగా, 2025 ఆగస్టు నుండి వారికి కళాశాల జట్లలో ఆడే అవకాశం కలిగినది. దీనితో స్థానిక విద్యార్థులకు మిగిలే స్థానాలు ఎన్ని అన్న చర్చ కళాశాల హాకీలో మళ్ళీ మొదలైనది.