తెలుగు భిన్నాంకములు – గణకయంత్ర భాషలు

పాత పద్దు పుస్తకములలో పూర్ణాంకమునకు కుడివైపున నిలువుగీతలు, అడ్డుగీతలు కానవచ్చును. ఇవి విరామచిహ్నములు కావు, భిన్నాంకములు. ఒకటిని నాలుగు భాగములుగను, ఆ భాగమును మరల నాలుగుగను విభజించుచు పోవుట ఈ పద్ధతికి మూలము. మొదటి స్థానమున కాలు, అర, ముక్కాలు నిలువుగీతలచేత (౹, ౺, ౻), రెండవ స్థానమున వీసము, పరక, మువ్వీసము అడ్డుగీతలచేత (౼, ౽, ౾) తెలుపబడును. మూడవ స్థానమున మరల నిలువుగీతలే. కావున ౩౻౽ అనగా 3 + 3/4 + 2/16. నిలువుగీతల స్థానమున సున్నకు హళ్ళి (౸) అను వేరు చిహ్నము కలదు. అడ్డుగీతల స్థానమున సామాన్యమైన సున్నయే.

1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములును, ఆ పిమ్మట మెట్రిక్ కొలతలును వచ్చుటతో ఈ గీతలకు వాడుక తప్పినది. 2008లో యూనీకోడు 5.1 వీనికి మరల స్థానము కల్పించినది. అయినను గణకయంత్రము వీనిని ఎట్లు గ్రహించునో విచారింపవలసియున్నది.

పైథాన్ భాషలో "౩౭" అను అక్షరమాలను పూర్ణాంకముగా మార్చుమన్న 37 లభించును. "౹" నిచ్చినచో నిరాకరించును. ఆ చిహ్నపు విలువ యేమని వేరుగా అడిగిన 1 అనును గాని 1/4 అనదు. వంగలిపిలోని కాలు చిహ్నమునకు మాత్రము అదే భాష 0.25 అని బదులిచ్చును. రూపాయకు పదునాఱణాలన్న లెక్కననుసరించిన ఆ చిహ్నములకు విలువ స్థిరము. కావున కలకత్తా సాల్ట్ లేక్‌లోని ఐదవ సెక్టారు సాఫ్ట్‌వేర్ కార్యాలయములలో వంగ పద్దులకై ఒక ప్రోగ్రాము వ్రాసిరనుకొన్నను, అది తెలుగు పద్దులకు యథాతథముగా పనికిరాదు.

ఇది యూనీకోడు లోపమనుట తగదు. తెలుగులో విలువ గీతలో లేదు, స్థానములో కలదు. ఒక్క నిలువుగీత మొదటి స్థానమున 1/4, మూడవ స్థానమున 1/64. భేదము పదునాఱు రెట్లు. ప్రోగ్రాము పూర్ణాంకము మొదలుకొని స్థానములను లెక్కించి, ప్రతి అంకమును నాలుగు యొక్క తగిన ఘాతముచే భాగింపవలెను. రెండవ స్థానమున నిలువుగీత కనబడెనా, ప్రతి తప్పినదని వెంటనే తెలియును. ఈ పరీక్ష పూర్వులు లిపిలోనే అమర్చిన సౌకర్యము.

కనుక పద్దులను యంత్రమున కెక్కించువారు ఈ గీతలకు బదులు దండమును, సంధిగీతను వాడరాదు. అట్లు వాడినచో చూపునకు పోలిక నిలుచును. లెక్క మాత్రము పోవును.