అసలు నిండుగా, కొసరు ప్రేమగా

చేతిపని మీద బతికే మనిషికి రెండు రకాల సంపాదన ఉంటుంది. ఒకటి ఆ పూట చేతికందే కూలి. రెండవది, మళ్ళీ పని పడినప్పుడు మరో దుకాణం వంక చూడకుండా తన గడపకే వచ్చే ఖాతాదారు. మొదటిది నాలుగు రోజుల్లో ఖర్చయిపోతుంది. రెండవది తండ్రి నుంచి కొడుకు దాకా నిలుస్తుంది. ఈ రెండవ సంపాదనను మన పెద్దలు చాలా చిన్న సాధనంతో కూడబెట్టుకున్నారు. దాని పేరు కొసరు.

నరసరావుపేట, మాచర్ల, గురజాల బజార్లలో కూరగాయలు తూచి సంచిలో పోశాక, పైన గుప్పెడు పచ్చిమిరపకాయలో కరివేపాకు రెబ్బో వేయడం మనమంతా ఎరిగినదే. తక్కెడ పట్టిన వ్యాపారి ఇచ్చే కొసరు వస్తువు. కానీ దర్జీ, పరుపులు కుట్టేవారు, బోర్డులు రాసే చిత్రకారుడు, పెళ్ళికూతురికి గోరింటాకు పెట్టే ఆడపడుచు ఇచ్చే కొసరు వేరు. వారు తమ శ్రమను, తమ ఆలోచనను కొసరుగా ఇస్తారు. అందుకే దాని విలువ ఎక్కువ, అది గుర్తుండే కాలమూ ఎక్కువే.

కనబడని కుట్టు

రంజాన్ నెలలో ఏ దర్జీ కొట్టు ముందు చూసినా రాత్రి పొద్దుపోయే దాకా మిషన్ల చప్పుడే. ఎదిగే పిల్లవాడికి కుర్తా పైజమా కుట్టేటప్పుడు అనుభవం గల దర్జీ పక్క కుట్లలో కొంత గుడ్డ ఎక్కువగా వదులుతాడు. పైజమా అంచును ఒకటికి రెండు మడతలు వేస్తాడు. దానికి వేరే కూలి అడగడు, చెప్పనుకూడా చెప్పడు. మరుసటి ఏడు బట్టలు పొట్టి అయినప్పుడు తల్లి ఆ కుట్టు విప్పి చూస్తుంది. లోపల గుడ్డ ఉంటుంది. ఆ క్షణంలో ఆ ఇంటికీ ఆ కొట్టుకూ ముడి పడుతుంది. ఏ ప్రకటనా అంత గట్టి ముడి వేయలేదు.

ఊడిన గుండీ ఊరకే కుట్టి ఇవ్వడం, బట్ట లోపలి వైపు ఒక గుండీ అదనంగా కుట్టి ఉంచడం, మిగిలిన గుడ్డతో చిన్న చేతిసంచో పిల్లవాడికి టోపీనో కుట్టి పొట్లంలో పెట్టడం, ఇవన్నీ కొద్ది నిమిషాల పనులే. నేడు రెడీమేడ్ దుకాణాలు వాడవాడలా వెలిశాయి. ఇంట్లో కూర్చుని ఫోనులో నొక్కితే బట్టలు గుమ్మం ముందుకు వస్తున్నాయి. ధరలో వాటితో పోటీపడటం చిన్న దర్జీకి సాధ్యం కాదు. కానీ ఈ పిల్లవాడు వచ్చే ఏడు ఎంత పెరుగుతాడో ఆలోచించి కుట్టడం ఆ కంపెనీలకు సాధ్యం కాదు. చేతిపనివాడికి మిగిలిన బలం ఇదే.

అమానత్ వేరు, కొసరు వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఖాతాదారు తెచ్చిన గుడ్డలో మిగిలిన ముక్క ఖాతాదారుదే. అది దర్జీ దగ్గర అమానత్. దానిని తిరిగి ఇవ్వడం ఔదార్యం కాదు, బాధ్యత. ఆ ముక్కతో తన శ్రమ వెచ్చించి ఏదైనా కుట్టి ఇస్తే, ఆ శ్రమ మాత్రమే కొసరు.

పత్తి పండే మన ప్రాంతంలో దూదేకుల సోదరులకు ఈ సంగతి బాగా తెలుసు. ఇంటి ముందు కూర్చుని, ఇంటివారి కళ్ళెదుటే పాత పరుపు విప్పి, విల్లుతో దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టేవారు. ఎవరి దూది వారి పరుపులోకే వెళ్ళిందన్న నమ్మకం మొదట కలగాలి. ఆ తరువాత, చివరన మిగిలిన దూదితో ఉయ్యాలలోని పసిబిడ్డకు ఒక చిన్న దిండు కుట్టి ఇస్తే అది కొసరు. నేడు దూది ఏకడానికి యంత్రాలు వచ్చాయి. ఫోమ్ పరుపులు వచ్చాయి. అయినా ఈ వరుస మాత్రం మారలేదు. ముందు అసలు నిండాలి, తరువాతే కొసరు. కొలతలో కోత పెట్టి, చివర చిన్న కానుక చేతిలో పెట్టేవాడిది ఔదార్యం కాదు, మోసం. కొలతల్లో తగ్గించేవారి గురించి దివ్య ఖుర్ఆన్‌లో ‘ముతఫ్ఫిఫీన్’ అనే సూరాయే ఉంది.

కొసరా, గాలమా?

13వ శతాబ్దంలో ఇంగ్లండులో రొట్టె తూకం తగ్గితే శిక్షించే చట్టం వచ్చింది. ఆ భయంతో అక్కడి రొట్టెలవారు డజనుకు పన్నెండు బదులు పదమూడు ఇచ్చేవారని చెబుతారు. అది భయం నుంచి పుట్టిన కొసరు. ఆశ నుంచి పుట్టేది ఇంకొకటి ఉంది. ధర పెంచి, ఆ పెంపులోంచే ‘ఉచితం’ ఇవ్వడం. దాన్ని కొసరు అనరు, గాలానికి గుచ్చిన ఎర అంటారు.

మరి ఖాతాదారు మళ్ళీ రావాలని కోరుకోవడం తప్పా? తప్పు కాదు. వ్యాపారం హలాల్, లాభం ఆశించడమూ హలాలే. కానీ అధికంగా పొందాలన్న ఆశతో ఉపకారం చేయవద్దని సూరా ముద్దస్సిర్ హితవు చెబుతోంది. చేసిన మేలును దెప్పిపొడిస్తే అది వృథా అవుతుందని సూరా బఖరా హెచ్చరిస్తోంది. ‘మొన్న నీకు ఊరికే కుట్టి పెట్టానుగా’ అన్న ఒక్క మాటతో ఆ కొసరు కాస్తా అప్పుగా మారిపోతుంది. ఉర్దూలో మనం ‘ఎహ్‌సాన్’ అంటే ఉపకారం అనుకుంటాం. అరబీలో ‘ఇహ్‌సాన్’ అంటే పనిని అందంగా, ఉత్తమంగా చేయడం కూడా. మంచి పనితనం, మంచి మనసు ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి.

కొనేవారి కొసరు

ఇంతవరకూ పనివాడి ధర్మం చెప్పుకున్నాం. హదీసు గ్రంథాలు తిరగేస్తే కొనేవాడి కొసరు కూడా కనిపిస్తుంది. సువైద్ బిన్ ఖైస్ (ర) తన సహచరునితో కలిసి మక్కాకు బట్టలు తెచ్చారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి వద్ద పైజమా బేరం చేశారు. సొమ్ము తూచే మనిషితో, తూచు, కాస్త మొగ్గు ఉండేలా తూచు అని సెలవిచ్చారు. అలాగే జాబిర్ (ర) వద్ద ఒంటెను కొన్నప్పుడు, వెల తూచే బిలాల్ (ర) ప్రవక్త ఆదేశం మేరకు మొగ్గుగానే తూచారు. పైగా ప్రవక్త ఆ ఒంటెను కూడా జాబిర్‌కే తిరిగి ఇచ్చేశారు. అదనంగా వచ్చిన ఆ కాస్త సొమ్మును జాబిర్ తన సంచిలోనే భద్రంగా ఉంచుకున్నారు. హిజ్రీ 63లో హర్రా యుద్ధం నాడు సైనికులు దోచుకునే వరకూ అది ఆయనను విడువలేదు. కొసరు మనసులో ఎంతకాలం నిలుస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనం మాత్రం పెద్ద దుకాణంలో చీటీ మీద ఉన్న ధర మారు మాట్లాడకుండా చెల్లిస్తాం. దర్జీ దగ్గర పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడతాం. పండుగ రెండు రోజుల్లో ఉందనగా గుడ్డ తీసుకువెళ్ళి తొందరపెడతాం. కూలి మాత్రం పండుగ వెళ్ళాక ఇస్తామంటాం. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది ప్రవక్త బోధ. రంజాన్‌కు నెల ముందే గుడ్డ ఇవ్వడం, చెప్పిన కూలి చెప్పినట్టు ఇవ్వడం, పైన ఒక నోటు సంతోషంగా కలపడం, బాగా కుట్టావు భాయ్ అని నలుగురిలో చెప్పడం, ఇవి మనమివ్వగల కొసర్లు. ఇవి లేక మన వీధుల్లో ఒక్కో మిషనూ మూగబోతే, కుట్టులో గుడ్డ వదిలే ఆ చేతులు మళ్ళీ దొరకవు.

ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ అల్లాహ్ తమ పనిలో, తమ సొమ్ములో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.