లైట్ల గేమింగ్ కీబోర్డ్ తెలుగు టైపింగ్‌కి పనికొస్తుందా? నాలుగు నెలలు వాడాక చెబుతున్నా

మా అక్క చీపురుపల్లిలో ఇంటి దగ్గరే డీటీపీ చేస్తుంది. దస్తావేజులు, దరఖాస్తులు, స్కూల్ ప్రశ్నపత్రాలు, దాదాపు అన్నీ తెలుగులోనే. పేజీకి ఇంత అని లెక్క. పాత కీబోర్డ్‌లో నాలుగైదు కీలు గట్టిగా పొడిస్తే గాని పడేవి కావు. రాత్రయ్యేసరికి వేళ్ళు నొప్పి. మా మేనల్లుడికేమో వాలొరాంట్ పిచ్చి. ఇంట్లో కంప్యూటర్ ఒకటే. "మావయ్యా, ఎలాగూ కొత్తది కొనాలి కదా, లైట్లున్న మెకానికల్ కొనేద్దాం, అమ్మకీ పనికొస్తుంది" అని వాడు మెల్లగా ముడి పెట్టాడు. బడ్జెట్ మూడు వేలు. అంత డబ్బు రావాలంటే అక్క ఎన్ని రాత్రులు కూర్చోవాలో నాకు తెలుసు. అందుకే ఒప్పుకునే ముందు కాస్త భయపడ్డాను.

కొని నాలుగు నెలలైంది. ఏది బాగుందో, ఎక్కడ దెబ్బ తిన్నామో చెబుతా.

అసలు తేడా ఎక్కడుంది?

మామూలు మెంబ్రేన్ కీబోర్డ్‌లో కీల కింద రబ్బరు బుడిపెలు ఉంటాయి. కీ అడుగు దాకా వెళ్తేనే అక్షరం పడుతుంది. రబ్బరు అరిగే కొద్దీ ఇంకా గట్టిగా నొక్కాలి. మెకానికల్‌లో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్, అందులో ఒక స్ప్రింగ్ ఉంటాయి. మామూలు స్విచ్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, కానీ సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. అడుగు దాకా గుద్దక్కర్లేదు.

అక్కకి ఇది అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. ఏళ్ళ తరబడి పొడిచి పొడిచి ఉన్న వేళ్ళు కదా! ఇప్పుడు టైపింగ్ వేగం పెరిగిందా అంటే పెద్దగా లేదు. పదో పేజీ దగ్గర కూడా మొదటి పేజీలాగే కొడుతోంది, అంతే. నా లెక్కలో డబ్బులు పెట్టింది దానికే.

చప్పుడు గురించి ముందే ఆలోచించండి

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. స్విచ్‌లకి రంగుల పేర్లు ఉంటాయి. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ ఎంఎక్స్ స్విచ్‌లతో మొదలైన పద్ధతి ఇది. పేటెంట్ గడువు తీరాక చైనా కంపెనీలు కూడా అదే డిజైన్, అవే రంగులు వాడుతున్నాయి. రెడ్ అంటే సాఫీగా దిగుతుంది, సుమారు 45 గ్రాముల ఒత్తిడి చాలు. బ్రౌన్‌లో మధ్యలో చిన్న మెలిక వేలికి తెలుస్తుంది. బ్లూలో మెలికతో పాటు టక్కుమని క్లిక్ కూడా వస్తుంది, ఒత్తిడి కూడా కాస్త ఎక్కువే, 60 దాకా కావాలి.

మావాడు వీడియోల్లో ఆ క్లిక్ విని మురిసిపోయి బ్లూ ఆర్డర్ పెట్టాడు. హెడ్‌ఫోన్స్‌లో ముప్పై సెకన్లు వినడం వేరు, రెండు గదుల ఇంట్లో రాత్రి పదకొండింటికి వినడం వేరు. మొదటి రాత్రే అక్క వాళ్ళ అత్తగారు ముందు గదిలోంచి "ఏట్రా ఆ టకటకలు? నిద్దర పట్టనివ్వరేటి?" అని కేకేశారు. రెండో రాత్రి అక్క పనే మానేసి కూర్చుంది. పని మానేస్తే డబ్బులు రావు. కీబోర్డ్ కింద దళసరి గుడ్డ పరిచి చూశాం. బల్ల మోత తగ్గింది గాని క్లిక్ తగ్గలేదు. అది స్విచ్ లోపల పుట్టే శబ్దం మరి.

మా అదృష్టం, అది హాట్ స్వాప్ బోర్డ్. అంటే స్విచ్‌లని టంకం వేయకుండా సాకెట్లలో గుచ్చుతారు. పుల్లర్‌తో లాగి వేరేవి పెట్టుకోవచ్చు. బ్రౌన్ రకం సెట్ తెప్పించి, ఒక ఆదివారం నేనూ మావాడూ కూర్చుని అన్నీ మార్చాం. ఇంకో పన్నెండు వందలు వదిలాయి. హాట్ స్వాప్ కాకపోయి ఉంటే మొత్తం కీబోర్డ్ పక్కన పెట్టాల్సి వచ్చేది. కొనే ముందు ఈ ఒక్క మాట స్పెసిఫికేషన్లలో వెతకండి. సాకెట్లు మూడు పిన్నులవా, ఐదు పిన్నులవా అన్నది కూడా చూసుకోండి.

లైట్లు వెలిగేది ఇంగ్లీష్‌కే

రెయిన్‌బో మోడ్‌లో పెడితే కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకి కట్టిన సీరియల్ లైట్లలా ఉంది. "ఆ రంగులేట్రా, దీపావళేటి?" అంది అక్క. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ తెలుగు టైప్ చేసేవాళ్ళకి ఇందులో ఒక చిక్కుంది, రివ్యూల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

కీ మీద అక్షరం ఉన్న చోట ప్లాస్టిక్ కాంతిని పంపుతుంది కాబట్టి అక్షరం వెలుగుతుంది. ఆ వెలిగేవి ఇంగ్లీష్ అక్షరాలే. తెలుగు స్టిక్కర్లు అంటిస్తే? మందపాటివి అంటిస్తే లైటే ఆగిపోతుంది. పారదర్శకమైనవి అంటిస్తే కాంతి వస్తుంది గాని ఇంగ్లీష్ అక్షరం వెలిగి, పక్కన తెలుగు అక్షరం నల్లగా ఉండిపోతుంది. పైగా చాలా బోర్డుల్లో ఎల్ఈడీ స్విచ్‌కి పైవైపు అంచున ఉంటుంది. కీ పై సగం బాగా వెలుగుతుంది, కింది సగం మసక. తెలుగు అక్షరం ఉండేది సరిగ్గా ఆ కింది సగంలోనే!

అక్క మొదట అను ఫాంట్స్‌తో నేర్చుకుంది. ఇప్పుడు యూనికోడ్ అడుగుతున్నారని ఇన్‌స్క్రిప్ట్‌కి మారింది. ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లులు ఎక్కువగా కుడిచేతికి, గుణింతాలు ఎడమచేతికి. 'చీపురుపల్లి' కొట్టాలంటే 11 నొక్కులు, ఒక్కసారి కూడా షిఫ్ట్ అక్కర్లేదు, చేతులు దాదాపు ఒకటి మార్చి ఒకటి పడతాయి. ఇది చేతికి ఎక్కాక కీ వైపు చూడరు, కాబట్టి లైటుతో పని లేదు. ఇంకా ఎక్కని వాళ్ళకి ఈ లైటు సాయం చేయదు. వాళ్ళకి పది వాట్ల టేబుల్ లైట్ మేలు.

కరెంట్ పోయినా చీకట్లో కీలు కనిపిస్తాయని మావాడు వాదించాడు. డెస్క్‌టాప్ ఆగితే కీబోర్డ్ కూడా ఆగుతుంది బాబూ. ల్యాప్‌టాప్ అయితే వెలుగుతుంది గాని ఆ వెలుగు బ్యాటరీ లోంచే తీసుకుంటుంది, ఫుల్ బ్రైట్‌నెస్ తగ్గించుకోవాలి.

గేమింగ్ సంగతి

ఒకేసారి ఎన్ని కీలు నొక్కినా అన్నీ పడతాయి. మా పాత దాంట్లో మూడు కీలు కలిపి నొక్కితే ఒకటి మింగేసేది. ఇది నిజమైన లాభమే. అంతకు మించి ర్యాంక్ పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి, మావాడిది పెరగలేదు.

గేమింగ్ వల్ల ఒక తలనొప్పి మాత్రం వచ్చింది. ఈ బోర్డుల్లో విండోస్ కీని లాక్ చేసే సౌకర్యం ఉంటుంది, ఆట మధ్యలో పొరపాటున నొక్కకుండా. మావాడు లాక్ చేసి వదిలేశాడు. పొద్దున అక్క తెలుగుకి మారదామని విండోస్, స్పేస్ నొక్కితే కదల్లేదు. కొత్త కీబోర్డ్ పాడైందని నాకు ఫోన్. చాలా వాటిలో ఎఫ్ఎన్, విండోస్ కీ కలిపి నొక్కితే లాక్ పోతుంది.

ఇంకొన్ని చిన్న విషయాలు

ఇవి ఎత్తుగా ఉంటాయి. మణికట్టు పైకి వంగుతుంది. మేం పాత తువ్వాలు మడతపెట్టి ముందు పెట్టాం, సరిపోయింది. కీ క్యాప్‌లు ఏబీఎస్ ప్లాస్టిక్‌వి అయితే కొన్నాళ్ళకి నూనె రాసినట్టు మెరుస్తాయి, పీబీటీవి కాస్త మన్నుతాయి. నంబర్ ప్యాడ్ లేని చిన్న బోర్డులు ముచ్చటగా ఉంటాయి గాని, దస్తావేజుల్లో సర్వే నంబర్లు, విస్తీర్ణాలు కొట్టే అక్కకి అది పనికిరాదు. మేం ఫుల్ సైజ్ తీసుకున్నాం.

పోయిన నెల 'డి' కీ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదలైంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అది పొల్లు కీ, ప్రతి ఒత్తుకీ కావాలి. తెలుగులో ఒత్తులు ఎన్ని ఉంటాయో చెప్పక్కర్లేదు. స్విచ్ కోసం విజయనగరం వెళ్దామా, ఆన్‌లైన్‌లో పెడదామా అనుకుంటుంటే అక్కే పుల్లర్ తీసింది. స్క్రోల్ లాక్ స్విచ్ లాగి 'డి' కింద పెట్టి, పాడైన దాన్ని స్క్రోల్ లాక్ కింద గుచ్చింది. రెండు నిమిషాల పని. ఆ కీ ఈ జన్మలో ఎవరూ నొక్కలేదు, రెండుసార్లు పడితే మాత్రం ఏమైంది అంది.