ఆ తల ఊపడం ఆట కాదు

సింగపూర్‌లో సైటు పని చేసే మనవాళ్లకు పాములు కొత్త కాదు. వాన పడిందంటే డ్రెయిన్లలో, పైపుల కట్టల కింద కొండచిలువలు కనిపిస్తూనే ఉంటాయి. ఇవి రెటిక్యులేటెడ్ పైథాన్లు, ఈ దీవిలోనే పుట్టి పెరిగే జాతి. విషం ఉండదు గానీ కరిస్తే గాయం గట్టిగానే అవుతుంది.

మొన్నామధ్య మా సైటులో ఇనుప ఊచల దగ్గర ఓ పిల్ల కొండచిలువ దొరికింది. రంగు కాస్త పాలిపోయి ఉంది. మా గ్యాంగులో కుర్రాడొకడు దాన్ని ఖాళీ పెయింటు డబ్బాలో వేసి, మూతకు చిల్లులు పొడిచాడు. "అన్నా, వింత రంగు పాములకు వేల డాలర్లిస్తారంట" అన్నాడు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు వాడికి. ఫోన్‌లో వీడియో కూడా చూపించాడు. సాలెగూడు లాంటి గీతలున్న బాల్ పైథాన్ ఒకటి తల అటూ ఇటూ ఊపుతోంది. "నాదస్వరం లేకుండానే ఆడుతోంది చూడన్నా!" మేమూ నవ్వాం.

ముందు డబ్బా సంగతి తేల్చాం. సింగపూర్‌లో పాముల్ని పెంచుకోవడం నేరం. సరీసృపాల్లో ఇంట్లో పెంచుకోనిచ్చేవి రెండు రకాల తాబేళ్లే. కేసంటూ అయితే పర్మిట్ గతేమిటో వేరే చెప్పాలా? ఎన్‌పార్క్స్‌కు ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్లారు. కుర్రాడు ముఖం ముడుచుకున్నాడు.

రాత్రి డార్మిటరీలో ఆ వీడియో పాము గురించి చదివాం. నవ్వు పోయింది. దాన్ని 'స్పైడర్' అంటారు. ఆ గీతలు తెచ్చే జన్యువే లోపలి చెవిని చెడగొడుతుంది. శరీరం తూకం చూసుకునే భాగమే వంకర పోయిందని 2022లో జర్మనీ శాస్త్రవేత్తలు స్కాన్లు తీసి చూపించారు. అందుకే తల వణుకుతుంది, వెల్లకిలా పడితే తిప్పుకోలేదు, ఎలుక మీదికి దూకితే గురి తప్పుతుంది. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఈ జన్యువుంటే పిల్లల్లో సుమారు సగానికి వస్తుంది. అది తెలిసీ రంగు కోసం జత కడుతున్నారు. బ్రిటన్‌లో ఇంటర్నేషనల్ హెర్పెటలాజికల్ సొసైటీ మాత్రం తన ప్రదర్శనల్లో వీటి అమ్మకం ఆపేసింది.

అన్ని వింత రంగులూ రోగాలు కావు. తెల్ల పాములు చాలావరకు పంజరంలో బాగానే బతుకుతాయి. స్పైడర్లను పెంచేవాళ్లు కూడా "తింటోంది, పిల్లల్ని పెడుతోంది, ఇంకేం కావాలి?" అంటారు. ఈ మాట మనకు ఎక్కడో విన్నట్టు లేదూ? నడుం పోయినవాడు కూడా సెలవు దొరక్క సిమెంటు మూటలు మోస్తాడు. మోస్తున్నాడు కదా అని బాగున్నాడనేద్దామా?

నాగులచవితికి పుట్ట దగ్గర దండం పెట్టే జాతి మనది. పాముకు మనం చేయగల మేలు దాని దారిన దాన్ని పోనివ్వడమే. సైటులో పాము కనిపిస్తే దూరంగా నిలబడి 1800 476 1600కు ఫోన్ చేయండి.

కుర్రాడు మర్నాడు ఆ వీడియో మళ్లీ చూశాడు. "అయ్యో, అది ఆట కాదన్నమాట" అన్నాడు. ఆ డబ్బాలో ఇప్పుడు మేకులు వేసుకున్నాం.