వెతకడం తెలిస్తేనే పరిశోధన
పీహెచ్‌డీ విద్యార్థులకు సమాచార శోధన శిక్షణ తప్పనిసరి
పత్రికల జాబితా రద్దుతో పెరిగిన బాధ్యత

వేటపాలెం: పీహెచ్‌డీలో చేరిన విద్యార్థికి తొలి ఏడాదే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కావలసిన సమాచారం ఎక్కడ లభిస్తుందో, దొరికిన దానిలో నమ్మదగినది ఏదో తెలియదు. పీజీ వరకు పాఠ్యపుస్తకాలు, నోట్సులతోనే నెట్టుకొచ్చిన గ్రామీణ విద్యార్థులకు ఈ భారం మరింత ఎక్కువ. ఈ లోపం చాలావరకు సిద్ధాంత గ్రంథం సమర్పించే వేళ బయటపడుతుంది. అప్పటికి ఏళ్ల శ్రమ, తల్లిదండ్రుల సొమ్ము ఖర్చయిపోయి ఉంటాయి.

ఈ లోటును పూడ్చేందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2019లో పరిశోధన, ప్రచురణల నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సును ప్రవేశపెట్టింది. పీహెచ్‌డీ కోర్సు వర్కులో దీనిని తప్పనిసరి చేసింది. మొత్తం 30 గంటల బోధన. ఆరు విభాగాల్లో మూడు ఆచరణకు సంబంధించినవే. డేటాబేస్‌లలో వెతకడం, మోసపూరిత పత్రికలను గుర్తించడం, గ్రంథచౌర్యాన్ని పట్టే సాఫ్ట్‌వేర్ వాడకం వీటిలో భాగం. 2022 నవంబరులో వెలువడిన పీహెచ్‌డీ నిబంధనలూ ఈ కోర్సును కొనసాగించాయి.

నకలు ఎంతయితే శిక్ష ఎంత?

2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించే అవకాశం ఉండదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మూలాన్ని పేర్కొంటూ ఉటంకించిన భాగాలను, గ్రంథసూచిని ఈ లెక్కలో కలపరు. అంటే చదివిన రోజే రచయిత పేరు, పుస్తకం, సంవత్సరం, పుట సంఖ్య రాసిపెట్టుకున్న విద్యార్థికి సగం భయం తీరినట్లే.

జాబితా లేదు, జాగ్రత్త కావాలి

ఏ పత్రికలో వ్యాసం ప్రచురించాలన్న సందేహానికి గతంలో యూజీసీ కేర్ జాబితా సమాధానంగా ఉండేది. 2025 ఫిబ్రవరిలో దానిని నిలిపివేస్తున్నట్లు యూజీసీ ప్రకటించింది. పత్రికల ఎంపిక బాధ్యత విద్యాసంస్థలపై, పరిశోధకులపై పడింది. ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఉన్నంత మాత్రాన పత్రిక నాణ్యమైనదని అర్థం కాదు. అది గుర్తింపు సంఖ్య మాత్రమే. పాత పత్రికల పేరు, సంఖ్య కాజేసి నకిలీ వెబ్‌సైట్లు నడిపేవారూ ఉన్నారు. రుసుము కట్టిన కొద్ది రోజుల్లోనే ప్రచురిస్తామని మెయిల్ వస్తే అనుమానించాలి. సంపాదక వర్గంలోని ఆచార్యుల పేర్లను వారి విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో సరిచూడాలి. పాత సంచికల్లోని వ్యాసాలు రెండు మూడు చదివి చూడాలి.

వెతికే పద్ధతి ఇదీ

చీరాల చేనేతపై పరిశోధన చేయదలచిన విద్యార్థినే ఉదాహరణగా తీసుకోవచ్చు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా లభిస్తాయి. అంశం ఖరారు చేసుకునే ముందే అక్కడ చూస్తే, ఇదివరకే ఎవరు ఏం రాశారో కొంత తేలుతుంది. ఒక్క మాటతో వెతికి ఆగిపోరాదు. చేనేత, మగ్గం, నేత కార్మికులు, సహకార సంఘం వంటి మాటలన్నీ వాడాలి. తెలుగులోనూ, ఇంగ్లిషులోనూ వెతకాలి. ఊరి పేరును ఇంగ్లిషులో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు కనుక ఆ రూపాలన్నీ ప్రయత్నించాలి.

అంతర్జాతీయ పత్రికల కోసం కేంద్రం 2025 జనవరి 1 నుంచి ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకాన్ని అమలు చేస్తోంది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దీని ద్వారా అందుబాటులోకి వచ్చాయి. తమ సంస్థకు ఈ సదుపాయం ఉందో లేదో గ్రంథాలయాధికారిని అడిగి తెలుసుకోవాలి. కృత్రిమ మేధ సాధనాలు లేని పుస్తకాలను, వ్యాసాలను ఉన్నట్లు చూపే ప్రమాదం ఉంది. కంటితో చూడని మూలాన్ని గ్రంథసూచిలో చేర్చరాదు.

బీరువాల్లోనూ ఆధారాలు

తెర మీద కనిపించనిదంతా లేనట్లు కాదు. తెలుగు సమాజం, సాహిత్యంపై పనిచేసేవారికి పాత పత్రికల సంచికలు అమూల్యం. 1918లో వేటపాలెంలో నెలకొన్న సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు వాటిని తరాలుగా కాపాడుతున్నాయి. చీరాల నేతన్నల గురించి రాసే విద్యార్థి సమీపంలోని ఈ బీరువాలు తెరవకుండా పరిశోధన ముగిస్తే అది అసంపూర్ణమే.

ముప్పై గంటల శిక్షణను ఉపన్యాసాలతో సరిపెడితే ప్రయోజనం ఉండదు. విద్యార్థి తన అంశంపైనే గ్రంథాలయంలో కూర్చుని వెతకాలి, దొరికినవి నమోదు చేయాలి, వాటిని మార్గదర్శకుడు సరిచూడాలి. తొలి ఏడాదే ఈ అలవాటు పడితే చివరి ఏడాది సాఫ్ట్‌వేర్ నివేదిక కోసం భయపడుతూ ఎదురుచూడాల్సిన అవసరం రాదు.