అక్షరం రాకున్నా రాగం వస్తుంది

మత్తూరు: ఈస్టరు వస్తోందంటే చాలా తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఓ పాత పుస్తకం బయటికొస్తుంది. పేరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. తెరిస్తే పాట పైన రాగం, తాళం, కొన్నింటికి 'చాయ' కనిపిస్తాయి. చాయ అంటే ఫలానా పాత పాట వరసలో పాడుకోమని. పల్లవి, అనుపల్లవి, చరణాలు... అచ్చం కచేరీ కీర్తనే!

ఈ బాణీకి పెద్దదిక్కు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఆయనా సరిహద్దు మనిషే. తెలుగు, ఒరియా కలగలిసిన సీమలో ఉంటూ రెండు భాషల్లోనూ పాటలు రాశారు. తమిళం మధ్య తెలుగు మాట్లాడే మత్తూరు, కృష్ణగిరి, హోసూరు వాళ్లకు ఆ బతుకు విడమరచి చెప్పాలా? తమిళంలో తంజావూరు వేదనాయకం శాస్త్రి (1774-1864) అంతకుముందే ఈ దారి తొక్కారు.

ఈస్టరు వేకువన సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాడుకునే ఆచారం చాలాచోట్ల ఉంది. అక్కడ పెద్దలకు పుస్తకంతో పనిలేదు. అవ్వ ఎక్కడ గొంతెత్తేదో, తాత ఎక్కడ తాళం తప్పేవాడో పాటతోపాటే గుర్తొస్తుంది.

చిక్కల్లా పిల్లలతోనే. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడినా అక్షరాలు రాని పిల్లలున్నారు. వాళ్ల చేతికి పుస్తకమిస్తే ఏం లాభం? పాడి వినిపించాల్సిందే. పల్లవి నోటికొచ్చాక అదే పుట తెరిచి వేలుపెట్టి చూపిస్తే, ఏ అక్షరం ఏ మాటదో వాళ్లే పట్టేస్తారు. మట్టల ఆదివారం నాడు మొదలుపెడితే పండక్కి ఇంకా వారం గడువుంటుంది.