నల్లమల స్థలాకృతి పటాలు

తూర్పు కనుమలలో భాగమైన నల్లమల కొండల ఎత్తుపల్లాలు, వాగులు, అడవులు, బాటలు, గ్రామాలను కొలతల ప్రకారం చూపే పటాలను నల్లమల స్థలాకృతి పటాలు (టోపోషీట్లు) అంటారు. వీటిని 1767లో ఏర్పడిన భారత సర్వేక్షణ సంస్థ (సర్వే ఆఫ్ ఇండియా) తయారు చేస్తున్నది.

స్కేలు, సంఖ్యలు

1:50,000 స్కేలు పటంలో ఒక సెంటీమీటరు నేలపై అర కిలోమీటరుకు సమానం. ఒక్కొక్క పటం 15 నిమిషాల అక్షాంశ, 15 నిమిషాల రేఖాంశ పరిధిని చూపుతుంది. పాత సంఖ్యా పద్ధతిలో నందికొట్కూరు 57 ఐ/5 పటంలోనూ, శ్రీశైలం 56 ఎల్/16 పటంలోనూ వస్తాయి. 2005 నాటి జాతీయ పటాల విధానం ప్రజల ఉపయోగానికి, రక్షణ అవసరాలకు వేర్వేరు పటాల శ్రేణులను ఏర్పరచింది.

సమోన్నత రేఖలు

సముద్రమట్టం నుండి ఒకే ఎత్తులో ఉన్న స్థలాలను కలిపే గోధుమరంగు గీతలే సమోన్నత రేఖలు (కాంటూరు రేఖలు). 1:50,000 పటాలలో సాధారణంగా రెండు రేఖల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. రేఖలు దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువ, దూరంగా ఉంటే నేల చదునైనది. నీరు నీలం, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు రంగులలో ఉంటాయి.

పటంలో ముంపు

ఈ రేఖల ప్రాధాన్యానికి శ్రీశైలం జలాశయం మంచి ఉదాహరణ. దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులు, అనగా సుమారు 270 మీటర్లు. పటంలో 260, 280 మీటర్ల రేఖల నడుమ ఈ మట్టాన్ని ఊహించి గీత గీస్తే, నిండిన జలాశయపు అంచు దాదాపుగా తెలుస్తుంది.

శ్రీశైలం వద్ద కృష్ణానది లోతైన లోయలో ప్రవహిస్తుంది. అక్కడ రేఖలు ఒత్తుగా ఉన్నందున నీరు ఎంత పెరిగినా ఎక్కువ వెడల్పుకు వ్యాపించదు. ఎగువన నందికొట్కూరు వైపు నదీతీరం మైదానం. రేఖలు ఎడంగా ఉన్న ఇటువంటి చోట కొద్ది మీటర్లు పెరిగిన నీరే విశాలమైన పొలాలను కప్పివేస్తుంది. 1980ల తొలినాళ్ళలో జలాశయం నిండినప్పుడు నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేక గ్రామాలు మునిగిపోయాయి. కృష్ణా, భవనాశి నదుల సంగమం వద్ద ఉన్న సంగమేశ్వరాలయం నేటికీ నీరు తగ్గిన కాలంలో మాత్రమే బయటపడుతుంది.

పాత పటాల విలువ

జలాశయానికి ముందు తయారైన పటాలలో ఆ ఊళ్ళు, బండి బాటలు, బావులు వాటి స్థానాలలోనే కనబడతాయి. తరువాతి పటాలలో అక్కడ నీలిరంగు ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలిస్తే ఏ ఊరు ఎక్కడ ఉండేదో, ఎంత నేల నీటి పాలయిందో విద్యార్థులు స్వయంగా గుర్తించవచ్చు. ముంపు గ్రామాల స్థానిక చరిత్ర రాయదలచినవారికి ఈ పాత పటాలు ముఖ్యమైన ఆధారం.